మిల్లు నడుస్తుంటే పాఠం: భివానీ టెక్స్‌టైల్ కాలేజీ కథ

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. హర్యానాలోని భివానీలో బిర్లాలు పెట్టిన టెక్స్‌టైల్ కాలేజీకి, నిజంగా సరుకు తీసి అమ్ముకునే మిల్లు ఎందుకు జతచేశారని ఒకటి. దానివల్ల చదువు బాగుపడిందా, లేక శిక్షణ పేరుతో చౌకగా పని చేయించుకున్నారా అని రెండోది. అలాంటి కాలేజీలు ఇప్పుడు ఎందుకు కనిపించవని మూడోది. నేను భివానీలో చదవలేదు. మిల్లు లేని కాలేజీలో చదువుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా స్పిన్నింగ్ మిల్లుల్లో షిఫ్టులు చూసుకుని, రిటైరయ్యే ముందు కొన్నాళ్లు పాఠాలు కూడా చెప్పాను. భివానీలో చదివినవాళ్లు నాతో పనిచేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లకూ నాకూ ఉన్న తేడా నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. భివానీ వేరు, భివండీ వేరు. భివండీ ముంబై పక్కన పవర్‌లూమ్‌ల ఊరు. భివానీ హర్యానాలో, రాజస్థాన్ ఎడారికి దగ్గరగా ఉన్న ఊరు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు. మీరడిగిన కాలేజీ భివానీది. టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్స్‌టైల్స్ అని పేరు, అందరూ టి.ఐ.టి. అంటారు. ఘనశ్యామ్ దాస్ బిర్లా 1943లో స్థాపించారు. మిల్లును కూడా ఆ ఊళ్లో టి.ఐ.టి. మిల్లు అనే పిలుస్తారు. కాలేజీకీ మిల్లుకూ ఒకే పేరు ఉందంటే, పెట్టినవాళ్లు ఆ రెంటినీ వేరుగా చూడలేదన్నమాట.

ఎందుకు జతచేశారో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ బొంబాయిలో మొదటి నూలు మిల్లుకు కంపెనీ పెట్టారు, 1856లో ఉత్పత్తి మొదలైంది. 1861లో రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాల్ అహ్మదాబాద్‌లో మొదలుపెట్టారు. పెట్టుబడి మనది, పత్తి మనది, కూలీలు మనవాళ్లు. కానీ మిషన్లు ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతం నుంచి ఓడల్లో వచ్చేవి, వాటిని నడిపించే స్పిన్నింగ్ మాస్టర్లు, వీవింగ్ మాస్టర్లు కూడా చాలాకాలం అక్కడినుంచే వచ్చేవారు. మనవాళ్లు జాబర్ (మిషన్లు సరిచేస్తూ కూలీలను నడిపించే మేస్త్రీ) దాకా ఎదిగేవారు. మిషన్ విప్పి బిగించడం, శబ్దం విని రోగం చెప్పడం వాళ్లకు బాగా వచ్చు. అయితే దూదిలో ఏ రకం ఎంత కలపాలి, ఏ కౌంటుకు (నూలు ఎంత సన్నమో చెప్పే నంబరు) ఎంత పురి వేయాలి, ఏ చక్రానికి ఎన్ని పళ్లుండాలి అన్న లెక్కలు మాస్టరు దగ్గరే ఉండేవి.

ఈ లెక్కలు మన కుర్రాళ్లకు నేర్పాలని పుట్టినవే తొలి విద్యాలయాలు. బొంబాయిలో విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1887లో వచ్చింది. అదే నేటి వి.జె.టి.ఐ. బరోడాలో సయాజీరావు గాయక్వాడ్ పాలనలో కళాభవన్ 1890లో మొదలైంది. ఇవి మంచి పని చేశాయి, సందేహం లేదు. కానీ వీటిలో చదివినవాడు మిల్లు గేటు దాటి లోపలికి అడుగుపెట్టిన రోజున మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చేది. కాలేజీలో మిషన్ ఉండేది, కానీ ఆ మిషన్‌కు పని ఉండేది కాదు. పాఠానికి తిప్పి, పాఠం అయ్యాక ఆపేసేవారు.

దీనికి ఎదురుదారిలో వెళ్లిన ప్రయత్నం నాగపూర్‌లో జరిగింది. జంషెడ్‌జీ టాటా 1877 జనవరి 1న అక్కడ ఎంప్రెస్ మిల్స్ ప్రారంభించారు. ఆయన పత్తి పండే చోటికి దగ్గరగా మిల్లు పెట్టారు. అప్పటికి ఇంగ్లండ్‌వాళ్లే పెద్దగా నమ్మని రింగ్ స్పిండిల్‌ను (పోగుకు పురి వేసి కండెకు చుట్టే కదురు) 1883 ప్రాంతంలోనే అక్కడ పరీక్షించి చూశారు. చదువుకున్న కుర్రాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుని డిపార్ట్‌మెంట్ల వెంట తిప్పి మేనేజర్లుగా తయారుచేసే పద్ధతి కూడా అక్కడ నడిచింది. అంటే మిల్లే బడి అయింది. లోటు ఏమిటంటే, దానికి పరీక్ష లేదు, పట్టా లేదు, ఆ మిల్లుకు కావలసినంత మందే తయారయ్యేవారు.

దక్షిణాదిలో ఇంకో ఉదాహరణ ఉంది, మన తెలుగువాళ్లు చాలామందికి తెలియనిది. కోయంబత్తూరు పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం అది. ఆయన నలుగురు కొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు వాటాలు కాకుండా ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికని పక్కన పెట్టారు. 1926లో ట్రస్టు పెట్టారు, అదే ఏడాది ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ కూడా మొదలైంది. అందులో పంపులు, మోటార్లు తయారుచేసి అమ్మేవారు, నేర్చుకునేవాళ్లు ఆ పని మధ్యే నేర్చుకునేవారు. 1939లో పాలిటెక్నిక్, 1951లో ఇంజనీరింగ్ కాలేజీ ఆ ఆవరణలోకే వచ్చాయి. అక్కడ బడికి జతయింది నూలు మిల్లు కాదు, వర్క్‌షాపు. కానీ ఆలోచన ఒకటే: విద్యార్థి ముట్టుకునే వస్తువు బజారుకు పోవాలి, ఎవరో డబ్బిచ్చి కొనాలి.

ఇప్పుడు 1943కి వద్దాం. అది యుద్ధకాలం. సైన్యానికి బట్ట కావాలి, మిల్లులు రాత్రీపగలూ నడుస్తున్నాయి. జనానికి బట్ట దొరకడం లేదు, ధర కొన్ని రెట్లు పెరిగింది. ఆ ఏడాదే ప్రభుత్వం నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి ధరలు కట్టడి చేయాల్సి వచ్చింది. మిషన్లు ఇంగ్లండ్ నుంచి రావడం కష్టమైపోయింది. ఉన్న మిషన్‌నే ఎక్కువ గంటలు, ఎక్కువ కాలం నడపగల మనిషి కావాలి. అలాంటి మనుషులు దేశంలో కొద్దిమందే ఉన్నారు.

బిర్లాల సొంత ఊరు పిలానీ భివానీకి ఎంతో దూరం కాదు. 1929లోనే వాళ్లు అక్కడ ఎడ్యుకేషన్ ట్రస్టు పెట్టారు. యుద్ధకాలంలో పిలానీలో ప్రభుత్వ సాంకేతిక శిక్షణ కేంద్రం నడిచింది, 1946లో అదే ఇంజనీరింగ్ కాలేజీ అయింది, తర్వాత 1964లో బిట్స్ అయింది. అంటే టి.ఐ.టి. ఒంటరిగా పుట్టలేదు. మరుసటి ఏడాది, 1944లో, స్వతంత్రం వచ్చాక దేశంలో పరిశ్రమలు ఎలా పెరగాలో చెప్పే బొంబాయి ప్లాన్ మీద సంతకం చేసినవాళ్లలో ఘనశ్యామ్ దాస్ బిర్లా ఒకరు. మిల్లులు పెరుగుతాయని, తెల్ల మాస్టర్లు వెళ్లిపోతారని, వాళ్ల కుర్చీల్లో కూర్చునేవాళ్లు కావాలని ఆయనకు తెలియకుండా ఉండదు. ఇందులో వ్యాపార ప్రయోజనం ఉందా అంటే ఉంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. తన మిల్లులకు మనుషులు కావాలనుకున్నవాడు పది మిల్లులకు సరిపోయే మనుషుల్ని తయారుచేశాడంటే, అది మంచి పనే.

ఇక భివానీ ఊరి సంగతి. అప్పట్లో అది పంజాబ్ ప్రావిన్సులో, హిసార్ జిల్లాలో ఉండేది. హర్యానా వచ్చింది 1966లో. చుట్టుపక్కల పత్తి పండుతుంది, కాబట్టి మిల్లుకు తగిన చోటే. కానీ గాలి పొడి. ఎండాకాలంలో దుమ్ముతో కూడిన వడగాలి. నూలు వడికేవాడికి ఇంతకంటే కష్టమైన వాతావరణం ఉండదు. బొంబాయికి, మాంచెస్టర్‌కు మిల్లులు అచ్చొచ్చింది అక్కడి గాలిలో తేమ ఉండబట్టి కూడా. పత్తి పోగు తడి పీల్చుకుంటే బలపడుతుంది, ఎండిపోతే పెళుసవుతుంది. రింగ్ ఫ్రేమ్ (వరసగా స్పిండిళ్లున్న, నూలు వడికే మిషన్) హాలులో గాలి తేమ 55 నుంచి 60 శాతం ఉండాలి, మగ్గాల షెడ్డులో 75 దాటాలి. భివానీలో మే నెలలో బయటి గాలిని నేరుగా లోపలికి వదిలితే ఒక్క గంట మిల్లు నడవదు. నీటి జల్లు గుండా గాలిని పంపి లోపలికి తోసే ప్లాంటు లేకపోతే అక్కడ నూలే లేదు.

చదువుకోవడానికి ఆ చోటు మంచిదని నేను అనేది ఇందుకే. వాతావరణం అనుకూలించే ఊళ్లో చదివినవాడికి తేమ అనేది పుస్తకంలో ఒక అధ్యాయం. భివానీలో చదివినవాడికి అది రోజూ ఎదురయ్యే సమస్య. నాతో పనిచేసిన, అక్కడ చదివిన ఒకాయన, ఏ హాలులోకి వెళ్లినా ముందు మిషన్ల వైపు చూసేవాడు కాదు. నేరుగా గోడకున్న తేమ కొలిచే థర్మామీటర్ల దగ్గరికి వెళ్లి, తడి బల్బుకు చుట్టిన ఒత్తిని వేలితో నొక్కి చూసేవాడు. అక్కడ రెండు థర్మామీటర్లుంటాయి, ఒకదాని బల్బుకు తడి ఒత్తి చుట్టి ఉంటుంది, రెంటి మధ్య తేడాను బట్టి తేమ లెక్క కడతాం. ఆ తర్వాతే మాట్లాడేవాడు.

ఆ అలవాటు విలువ నాకు తెలిసొచ్చింది నా తప్పు వల్ల. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవి, ఒక మిల్లులో రాత్రి షిఫ్టు. రెండు గంటలప్పుడు ఫ్రేముల మీద పోగులు వరసగా తెగడం మొదలైంది. అతికించిన చోట అతికించినట్టే మళ్లీ తెగుతోంది. సైడర్లు (ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికించేవాళ్లు) పరుగులు పెడుతున్నారు, నాకు టెన్షన్. థర్మామీటర్లు చూశాను, పట్టికలో లెక్క కట్టాను, తేమ 58 శాతం. బాగానే ఉంది కదా అనుకుని, తప్పు ట్రావెలర్ల మీదకు నెట్టాను. ట్రావెలర్ అంటే రింగు మీద పరుగెత్తే చిన్న ఇనప తునక, గోరంత కూడా ఉండదు. దాని బరువు ఎక్కువైతే పోగు మీద లాగుడు పెరుగుతుంది. తేలికవి వేయమని ఒక ఫ్రేమ్ ఆపించి, నాలుగు వందల ట్రావెలర్లు మార్పించాను. దాదాపు గంట పోయింది. ఫ్రేమ్ మళ్లీ నడిచింది, పోగులు మళ్లీ తెగాయి.

అప్పుడు వచ్చాడు ముసలి జాబర్. ఆయన చదువు నాలుగో తరగతి. నన్ను ఏమీ అనలేదు. రోవింగ్ (ఇంకా నూలు కాని, వదులైన దూది పోగు) బాబిన్ మీద చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూపించాడు, దూది పీచులు చేతి వైపు లేచి నిలబడుతున్నాయి. గాలి ఎండిపోయినప్పుడు పుట్టే కరెంటు అది. తర్వాత నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి తడి బల్బు ఒత్తి ముట్టుకోమన్నాడు. ఉప్పునీటి మడ్డి, దూది ధూళి పట్టి గట్టిపడిపోయి ఉంది. కింద గిన్నెలో నీళ్లున్నాయి, కానీ పైకి ఎక్కడం లేదు. ఒత్తి సరిగా తడవకపోతే తడి బల్బు చల్లబడదు. చల్లబడకపోతే తేమ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నేను అచ్చంగా అబద్ధం చెప్పే థర్మామీటరును నమ్మి లెక్క కట్టాను. ప్లాంటు గదిలోకి వెళ్లి చూస్తే, అవే ఉప్పునీళ్లు జల్లు నాజిళ్లలో సగాన్ని మూసేశాయి. శుభ్రం చేయించి తెల్లారేసరికి దారికి తెచ్చాం. ఆ రాత్రి పోయిన ఉత్పత్తికి మర్నాడు నేను సంజాయిషీ రాసుకున్నాను.

తడి బల్బు సూత్రం నాకు తెలియక కాదు, పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఒత్తి గట్టిపడుతుందని మాత్రం తెలియదు. కాలేజీ ల్యాబ్‌లో ఆ థర్మామీటరును నెలకోసారి కొత్త ఒత్తి వేసి చూపించేవారు. మిల్లులో అది పన్నెండు నెలలూ దూది ధూళిలో వేలాడుతుంది.

ఇంకో లెక్క చెప్తాను, మిల్లు ఎందుకు కావాలో దీనితో బాగా తెలుస్తుంది. మా కాలేజీ ల్యాబ్‌లో 24 స్పిండిళ్ల చిన్న రింగ్ ఫ్రేమ్ ఉండేది. పోగులు తెగడాన్ని మేము వంద స్పిండిళ్లు గంటసేపు తిరిగితే ఎన్ని తెగాయి అని లెక్కిస్తాం. పది అనుకుందాం, పాత ఫ్రేముల మీద మామూలే. 24 స్పిండిళ్ల మీద గంటకు రెండు మూడు తెగుతాయి. రెండు గంటల ప్రాక్టికల్‌లో ఐదు. క్లాసులో ముప్పై మంది ఉంటే ఆరుగురిలో ఒకడికి ఒక పోగు అతికించే అవకాశం వస్తుంది. మిల్లులో ఒక సైడర్ 400 స్పిండిళ్ల ఫ్రేములు రెండు చూసుకుంటాడు. అదే రేటున ఆమెకో అతనికో గంటకు 80 తెగుతాయి, అంటే 45 సెకన్లకు ఒకటి. ఎనిమిది గంటల షిఫ్టులో 640. ఇదంతా చూసిన విద్యార్థికి కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. తెగడం అన్ని స్పిండిళ్ల మీదా సమానంగా ఉండదు. ఒకే స్పిండిల్ పదే పదే తెగుతుంటే అక్కడ మిషన్ తప్పు. ఫ్రేమ్ అంతా తెగుతుంటే వెనక డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన రోవింగ్ తప్పు. హాలంతా తెగుతుంటే గాలి తప్పు. ఈ తేడా 24 స్పిండిళ్ల మీద ఎన్నేళ్లు నిలబడినా కనిపించదు. ఐదుసార్లు తెగితే అందులో వరస ఎక్కడ దొరుకుతుంది?

కౌంట్ పరీక్ష కూడా అంతే. 840 గజాల చుట్టలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే ఇంగ్లిష్ కౌంట్. నలభయ్యో నంబరు నూలంటే నలభై చుట్టలు. పరీక్షకు గజంన్నర చుట్టుకొలత ఉన్న రాట్నం మీద 80 చుట్లు చుట్టి, 120 గజాలు తీసి తూస్తాం. ఆ ముక్క 1.62 గ్రాములు తూగితే నలభయ్యో నంబరు సరిగ్గా ఉన్నట్టు. ల్యాబ్‌లో 1.70 వచ్చిందనుకోండి, విద్యార్థి రికార్డులో 38 అని రాసి సంతకం చేయించుకుంటాడు. మిల్లులో 1.70 వచ్చిందంటే వెంటనే ఏదో ఒకటి చేయాలి. ఇంకో నాలుగు కండెలు తెచ్చి చూడాలి. ఏ ఫ్రేమ్‌దో, ఏ బాబిన్‌దో వెతకాలి. అప్పటికే ప్యాక్ అయిన సరుకు ఆపాలా వద్దా అని ఎవరో ఒకరు నిర్ణయించాలి. బరువు నూలు వెళ్తే మిల్లుకు దూది నష్టం, పలచని నూలు వెళ్తే నేసేవాడు వెనక్కి పంపుతాడు. ఈ నిర్ణయం జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి ఉండడమే నిజమైన చదువని నా గట్టి నమ్మకం. ఎందుకంటే అక్కడ మాస్టర్లే ఒకరితో ఒకరు ఏకీభవించరు, ఆ వాదన విద్యార్థి చెవిన పడుతుంది.

మన నేతగాళ్ల ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. పిల్లలు ముందు కండెలు చుడతారు, తర్వాత పడుగు సాగదీసేటప్పుడు కర్ర పట్టుకుంటారు, గంజి పెట్టేటప్పుడు సాయం చేస్తారు, ఎన్నో ఏళ్లకు గాని మగ్గం గుంటలో కాళ్లు పెట్టరు. చుట్టిన కండె ఆ పూటే మగ్గం మీదకు వెళ్తుంది, వదులుగా చుడితే నాన్న ఆ పూటే కేకేస్తాడు. టి.ఐ.టి. లాంటి కాలేజీ చేసింది ఈ పద్ధతినే పెద్ద ఎత్తున, లెక్కలు జోడించి, పట్టాతో చేయడం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. చౌక కూలీయా? దీన్ని కొట్టిపారేయను, అడగాల్సిన ప్రశ్నే. కానీ లెక్క చూడండి. నేర్చుకునే కుర్రాడు పోగు అతికించడానికి సైడర్ కంటే ఎన్నో రెట్లు సమయం తీసుకుంటాడు, ఆలోపు దూది వేస్టు పోతుంది. ఇంజనీరింగ్ చదివే విద్యార్థి వారానికి కొన్ని గంటలు మిల్లులో ఉంటే మిల్లుకు లాభం లేదు, కాస్త నష్టమే. అతను రావడం వల్ల జాబర్ పని ఆగుతుంది, షిఫ్ట్ ఆఫీసరు జవాబులు చెప్పాల్సి వస్తుంది. ఆ నష్టం భరించడానికి యజమాని సిద్ధపడితేనే ఇలాంటి కాలేజీ నడుస్తుంది.

శిక్షణ పేరుతో దోపిడీ జరగలేదా అంటే, వేరే చోట్ల, వేరే రూపంలో జరిగింది. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి పథకం అని నడిచింది. పల్లెల నుంచి చిన్న వయసు అమ్మాయిలను అప్రెంటిస్‌లని తెచ్చి, హాస్టళ్లలో ఉంచి, మూడేళ్లు పనిచేస్తే పెళ్లికి ఒక మొత్తం ఇస్తామని ఒప్పుకుని, ఆ మూడేళ్లూ తక్కువ జీతానికి పూర్తి పని చేయించుకున్నారు. అది చదువు కాదు. ఎంత చెడ్డ పద్ధతో చెప్పడానికి నాకు మాటలు చాలవు, ఆ అమ్మాయిలను నేను హాళ్లలో చూశాను. రెంటికీ తేడా పోల్చుకోవడానికి నా దగ్గర ఒక కొలత ఉంది. నేర్చుకునే మనిషి దూది విప్పే బ్లో రూమ్ నుంచి కార్డింగ్‌కు, అక్కడినుంచి డ్రాయింగ్‌కు, సింప్లెక్స్‌కు, రింగ్ ఫ్రేమ్‌కు, వైండింగ్‌కు మారుతున్నాడా? లేక మూడేళ్లూ ఒకే ఫ్రేమ్ ముందు నిలబడుతున్నాడా? మారుతుంటే శిక్షణ. ఒకేచోట ఉంటే కూలీ, పేరు ఏదైనా సరే.

జతచేసిన మిల్లుకు వేరే చెడ్డ గుణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిల్లు మిషన్లు తొందరగా మారవు. ఒక రింగ్ ఫ్రేమ్ కొంటే పాతికేళ్లు, ముప్పై ఏళ్లు లాగుతారు. ఆ కాలంలో లోకం ముందుకు పోతుంది. 1967లో చెకొస్లొవేకియా నుంచి రోటర్ స్పిన్నింగ్ మిషన్ బజారులోకి వచ్చింది, అందులో స్పిండిలే లేదు. నాడె (పేక పోగును అటూ ఇటూ మోసే సాధనం) లేని మగ్గాలు అంతకుముందే వచ్చాయి. జతచేసిన మిల్లులో అవి లేకపోతే, విద్యార్థి తన కళ్లముందున్నదే టెక్స్‌టైల్ అనుకునే ప్రమాదం ఉంది. నాతో పనిచేసిన అలాంటి కాలేజీల వాళ్లలో ఇది చూశాను. పాత ఫ్రేమ్ దగ్గర వాళ్లను మించినవాళ్లు లేరు, కొత్త మిషన్ వస్తే మొదట్లో కాస్త మొండికేసేవాళ్లు. మిల్లులో నేర్చుకున్నది చేతిలోకి దిగిపోతుంది, అంత తొందరగా మార్చుకోలేం.

మూడో ప్రశ్నకు జవాబు ఒకటి కాదు. మిల్లులే మారిపోయాయి. ఒకప్పుడు దూది బేలు ఒక వైపు వెళ్తే మడత పెట్టిన బట్ట ఇంకో వైపు వచ్చే కాంపోజిట్ మిల్లులు ఉండేవి. నేత పని పవర్‌లూమ్‌లకు జారిపోయింది. అనేక మిల్లులు ఖాయిలా పడ్డాయి, 1974లో వందకు పైగా మిల్లులను ప్రభుత్వం తీసుకోవాల్సి వచ్చింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది బొంబాయి కార్మికులు పని మానేశారు, ఆ తర్వాత అక్కడి మిల్లులు చాలావరకు కోలుకోలేదు. మిల్లే బతకనప్పుడు దానికి కాలేజీ ఎక్కడ? మన వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో మొదలై, తర్వాత ఎన్.టి.సి. (ప్రభుత్వ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్) చేతికి వెళ్లి, మూతపడింది. ఆ గోడలు కూలిన సంగతి కంటే, అక్కడి జాబర్ల చేతుల్లో ఉన్న విద్య వాళ్లతోనే పోయిందన్న సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పక్కన ఒక కాలేజీ ఉండి ఉంటే అందులో కొంతైనా రాతలోకి ఎక్కేది.

బతికిన మిల్లులు వేరే విధంగా దూరమయ్యాయి. 1999లో కేంద్రం టెక్నాలజీ అప్‌గ్రెడేషన్ పథకం తెచ్చాక కొత్త మిషన్లు విరివిగా వచ్చాయి. ఇప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కు వెయ్యికి పైగా స్పిండిళ్లు, కండెలు దించడానికి కూడా మనిషి అక్కర్లేదు. అంత ఖరీదైన మిషన్‌ను విద్యార్థి ముట్టుకుంటానంటే యజమాని గుండె ఆగుతుంది. అటు కాలేజీల వైపు సెమిస్టర్లు వచ్చాయి, హాజరు లెక్కలు వచ్చాయి. రాత్రి షిఫ్టును టైంటేబుల్‌లో ఎక్కడ పెడతారు? పైగా కంప్యూటర్ కోర్సులకు గిరాకీ పెరిగి టెక్స్‌టైల్ సీట్లు మిగిలిపోవడం మొదలైంది. టి.ఐ.టి. కూడా కాలంతోపాటు కదిలింది, పేరు చివర సైన్సెస్ చేరింది, ఇతర ఇంజనీరింగ్ శాఖలు చేరాయి. నేను దాన్ని తప్పుపట్టను.

పరిశోధన సంస్థలు మిల్లు ఆలోచనను కొంత మోసుకెళ్లాయి. అహ్మదాబాద్‌లో విక్రమ్ సారాభాయ్ చొరవతో 1947లో పుట్టిన అటిరా, 1956లో కోయంబత్తూరులో వచ్చిన సిట్రా ఈ కోవకు చెందినవి. మిల్లులు తమ సమస్య తెస్తాయి, ఇక్కడ పరీక్షించి జవాబు చెప్తారు. అది మిల్లుకు బాగా పనికొచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి రాత్రి రెండు గంటల అనుభవం మాత్రం అక్కడ దొరకదు.

చివరగా, మీకు టెక్స్‌టైల్‌లో సీటు వచ్చిందనీ, మీ కాలేజీకి మిల్లు లేదనీ రాశారు. దిగులుపడకండి, కానీ దాన్ని మీరే సంపాదించుకోవాలి. కాలేజీ పంపే పదిహేను రోజుల ట్రైనింగ్‌లో ఎక్కువమంది పగలు వెళ్లి, క్యాంటీన్‌లో కూర్చుని, రిపోర్టు కాపీ కొట్టి వస్తారు. మీరు వేసవి సెలవుల్లో నెల రోజులు అడగండి, అందులో కనీసం పది రాత్రి షిఫ్టులు అడగండి. పగలు హాలులో ఆఫీసర్లు నిండుగా ఉంటారు, మీకు చూడటమే మిగులుతుంది. రాత్రి మనుషులు తక్కువ, మీ చేతికి పని వస్తుంది. మొదటి వారం రింగ్ ఫ్రేమ్ దగ్గర ఒక సైడర్ వెంటే తిరగండి, ఏ స్పిండిల్ ఎన్నిసార్లు తెగిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. జాబర్‌ను అన్నా అనో, బాబాయ్ అనో పిలవండి, సార్ అని మాత్రం వద్దు, సార్ అంటే ఆయన మీకు పని చెప్పడు. ఏదైనా మిషన్ విప్పుతుంటే స్పానర్ అందించడానికి ముందుండండి.

హాలులోకి అడుగుపెట్టగానే మాత్రం ఒత్తి తడిగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి.